దొరికేదాకా ఊడవకూడదు

మొన్న ఆదివారం పొద్దున కాఫీ ఇంకా సగం గ్లాసులో ఉండగానే ఫోను మోగింది. మా వదిన కూతురు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. వయసు నలభై దాటి చాలాకాలమైనా మాకు పిల్లే. "బాబాయ్, అమ్మ లేవట్లేదు. నర్స్ వచ్చి చూసింది. షి ఈజ్ గాన్," అంది. అవతల ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి తనే, "పిన్నికి నువ్వు చెప్పు బాబాయ్, ఐ కాంట్," అని పెట్టేసింది.

వదిన అంటే మా ఆవిడకి సొంత అక్క. నాకు వరసకి వదిన, ఉద్యోగంలో పై అధికారి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే మగవాడి బతుకు ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. ఆఫీసులో చేసిన పొరపాటు ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు బయటికొచ్చేది. ఇంట్లో చేసింది ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర. ఆవిడ స్టాటిస్టిక్స్ చదవడానికి ఈ దేశం వచ్చి, ఆ లెక్కలు చేసే కంప్యూటర్ల మీద మనసుపడి అటే ఉండిపోయింది. పెద్ద చదువు. ఆ సంగతి మిగతావాళ్ళు మరిచిపోకుండా చూసుకునేది కూడా. పోయినవాళ్ళ గురించి అంతా అణకువే అని రాస్తారు. మా వదిన గురించి అలా రాస్తే, ఎక్కడున్నా వచ్చి ఎర్ర పెన్నుతో కొట్టేస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పి పక్కకి తప్పుకుంటాను. నేను తెనాలిలో సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్ని. చదువు స్కూలుతో సరి. ఆ పైన నేర్చుకున్నదంతా ప్రొజెక్టర్ గది గోడకున్న చిన్న కిటికీలోంచి చూసి నేర్చుకున్నదే. మా ఆవిడ నర్సు. డెబ్భైల చివర్లో ఆవిడకి షికాగో దగ్గర ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే, ఆవిడ వీసా కొంగు పట్టుకుని నేనూ విమానం ఎక్కాను. ఇక్కడ ప్రొజెక్టర్ ఆపరేటర్ల కోసం ఎవరూ ఎదురు చూడటం లేదు. గ్యాస్ స్టేషన్‌లో నిలబడ్డాను, గిడ్డంగిలో పెట్టెలు మోశాను.

ఒక ఉగాదికి మన వాళ్ళందరూ స్కూలు జిమ్ అద్దెకి తీసుకుని తెలుగు సినిమా వేసుకున్నారు. బాస్కెట్‌బాల్ బుట్ట కింద తెర. ప్రొజెక్టరు దగ్గర నేను. సరిగ్గా హీరోయిన్ తండ్రి గుండె పట్టుకున్నప్పుడు రీలు తెగింది. పిల్లలు ఈలలు, పెద్దలు అరుపులు. నేను రీలు అతికించి, మళ్ళీ ఎక్కించి, ఆ తండ్రిని నెమ్మదిగా చంపించాను. ఆ గోలలో మా వదిన నా వెనకే నిలబడి చూసిందట. పులిహోర తింటున్నప్పుడు వచ్చి, "మరిదిగారూ, మీకు మా ఆఫీసులో పనుంది. రీలు తెగినా చెయ్యి వణకని మనిషి నాకు కావాలి," అంది. ఎగతాళి అనుకున్నాను. సోమవారం పొద్దున కారు తెచ్చి హారన్ కొట్టింది.

అరోరాకి పడమటగా, మొక్కజొన్న చేల అంచున ఉండేది ఆ పరిశోధన సంస్థ. కింది అంతస్తులో కంప్యూటర్ గది. ఫ్రిజ్‌లంత పెట్టెలు, వాషింగ్ మెషీన్లలాంటి రెండు డిస్కు డ్రైవులు, నిలువెత్తు టేపు డ్రైవు ఒకటి. టేపు రీళ్ళని చూడగానే నాకు పుట్టింటికి వచ్చినట్టయింది. ఎక్కించడం, దించడం, పెట్టెలో పెట్టి మీద పేరు రాయడం. మాట్లాడే బొమ్మ ఒక్కటే తక్కువ.

ఆ టేపు రీలు వెనక ఒక గాడి ఉండేది. అందులో ప్లాస్టిక్ రింగు ఒకటి పెడితేనే యంత్రం టేపు మీద రాస్తుంది. రింగు తీసేస్తే చదవడం తప్ప ఏమీ చేయలేదు. అందువల్ల పాత టేపు మీద పొరపాటున కొత్తది రాసేసి ఉన్నది చెడగొట్టుకునే ప్రమాదం ఉండదు. మా వదిన ఒక పద్ధతి పెట్టింది. రింగులన్నీ ఆవిడ దగ్గరే. కుడి మోచేతికి నాలుగైదు రింగులు గాజుల మీద గాజుల్లా వేసుకుని తిరిగేది. ఎవరికి టేపు మీద రాయాల్సి వచ్చినా ఆవిడ దగ్గరికొచ్చి, ఏ టేపో, అందులో ముందు ఏముందో చెప్పి, చెయ్యి చాపి రింగు అడగాలి. ఆవిడ అడిగే ప్రశ్నల్లో ఒక్కదానికి తడబడినా రింగు రాదు. పగుళ్ళిచ్చినవి, వంగినవి ఇంటికి తెచ్చేది. గుండ్రటి అడుగున్న ఇత్తడి గిన్నెలకి అంతకన్నా మంచి కుదుళ్ళు అమెరికాలో దొరకవు. మా ఇంట్లో సాంబారు గిన్నె ఇప్పటికీ అలాంటి ఒక రింగు మీదే కూర్చుంటుంది.

తీగలు చుట్టడం కూడా ఆవిడే నేర్పింది. ఎలక్ట్రిక్ తీగని నేను మోచేతికి చుట్టేస్తుంటే, "మరిదిగారూ, అది గొర్రెల్ని కట్టే తాడు కాదు," అని లాక్కుని, బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఎనిమిది అంకెలా చుట్టి చూపించింది. అలా చుడితే తీగ మెలిపడదు. ఆవిడ చుట్టిన తీగ ఎక్కడున్నా నేను గుర్తుపడతాను. చివర్న ఒక చిన్న ముడి, పాపిడి పిన్ను పెట్టినట్టు.

ఆవిడ మాటలు కొన్ని నా చెవిలో ఉండిపోయాయి. "తిరిగి చదివి చూడని టేపు టేపు కాదు, చక్రం" అనేది. "యంత్రం చెప్పింది వినండి, మీరు అనుకున్నది కాదు" అనేది. అన్నిటికన్నా ఎక్కువగా, "ముందు టేపు, తర్వాత సంతోషం." ఈ మూడోదాని సంగతి చెప్పడానికే కూర్చున్నాను. మధ్యలో ప్రొజెక్టరు అడ్డం వచ్చింది.

అది ఎనభైల మధ్యలో ఒక మే నెల. ఇలినాయ్‌లో మే అంటే రైతులు మనిషి మొహం చూడకుండా ఆకాశంతో మాట్లాడే నెల. నేల ఆరాలి, వెచ్చబడాలి, మళ్ళీ వాన పట్టేలోపు విత్తనం లోపలికి దిగాలి. మా సంస్థలో మొక్కజొన్న వంగడాలు పెంచే ముసలాయన ఉండేవారు. మేం ఆయన్ని విత్తనాల డాక్టరు అనేవాళ్ళం. పొడుగు మనిషి, రైతు టోపీ, ఎప్పుడూ చేల పక్కనున్న షెడ్డులోనే. ఏ మొక్క పుప్పొడి ఏ మొక్క పీచు మీద చల్లారో, దాని బిడ్డ ఏదో, మనవరాలు ఏదో అంతా రాసిపెట్టుకునేవారు. పెళ్ళిళ్ళ పేరయ్యకి కూడా అన్ని సంబంధాలు గుర్తుండవు.

ఆ మే నెలకి ముందు శీతాకాలంలో ఆయన ఒక పెద్ద పని పెట్టుకున్నారు. ఏళ్ళనాటి విత్తనాల కవర్లు పిగిలిపోతున్నాయని, గింజలన్నీ కొత్త కవర్లలోకి మార్చి, మీద కొత్త నంబర్లు మాత్రం వేశారు. ఏ కొత్త నంబరు ఏ పాత వంశానిదో షెడ్డులో ఉన్న టెర్మినల్‌లోంచి మా కంప్యూటర్లోకి ఎక్కించారు. ఒక తెర, ఒక కీబోర్డు, షెడ్డు ఫోనుది కాకుండా దానికంటూ వేసిన వేరే టెలిఫోను తీగ, అదీ టెర్మినల్ అంటే. కంప్యూటర్లో ఉందిగా అని పాత కవర్లు పారేశారు. మిగతా చలి గడపడానికి అరిజోనాలో కూతురింటికి వెళ్ళి, వసంతంలో తిరిగొచ్చారు.

మే నెలలో ఆ పొద్దున, సాళ్ళ చివర గుచ్చే చీటీలు ప్రింట్ చేద్దామని చూస్తే ఆ ఫైలు లేదు.

ఫోను నేనే తీశాను. ఆయన గొంతు ఎప్పటికన్నా మెల్లగా ఉంది. ట్రాక్టరు చేలో ఉంది, నేల సిద్ధంగా ఉంది, రేపటికి వాన అంటున్నారు, నా ఫైలు కనపడటం లేదు అన్నారు. అప్పటికి నాకు దాని బరువు తెలియలేదు. వదినకి తెలిసింది. కుర్చీలోంచి లేచింది. ఆ ఫైలు లేకపోతే ఆ షెడ్డులో ఉన్నవన్నీ పేర్లు లేని గింజలు. ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా కలిపి కోళ్ళకి వేసుకోవచ్చు.

దీనికి తోడు ఆ రోజు మామూలు రోజు కాదు. మా కంప్యూటర్లో రెండు డిస్కులు ఉండేవని చెప్పాను కదా. ఒకటో దాని మీద కంప్యూటర్ని నడిపించే యూనిక్స్ ప్రోగ్రాములు. రెండో దాని మీద మనుషుల పనులు, విత్తనాల డాక్టరుగారివి కూడా. ఆ మధ్యాహ్నం ఒకటో డిస్కు మొత్తం చెరిపి కొత్త యూనిక్స్ ఎక్కించాలి. కంపెనీ ఇంజనీరు టేపు పట్టుకుని పొద్దున్నే దిగాడు. ఆ ఒకటో డిస్కుకి మేం ఎప్పుడూ బ్యాకప్ తీసేవాళ్ళం కాదు. దాని మీద ఉన్నదంతా కంపెనీ టేపులో ఉన్నదే కదా, మళ్ళీ కాపీ దేనికని వదిన లెక్క. రెండో డిస్కుకి మాత్రం వారం వారం బ్యాకప్, చదివి చూసి, రింగు తీసి, బీరువాలో.

కాబట్టి ముందు రెండో డిస్కు టేపులు దించాం. శీతాకాలం నుంచి ఒక్కొక్కటే ఎక్కించి, ఫైళ్ళ జాబితా తీసి, ఆ పేరు కోసం వెతకడం. ఒకదాంట్లో లేదు. ఇంకోదాంట్లో లేదు. రీలు తిరుగుతుంటే వదిన నా భుజం వెనక నిలబడి ఉండేది. టేపులన్నీ బాగానే చదివాయి. ఏ టేపులోనూ ఆ ఫైలు లేదు. టేపు పాడైతే తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఇది అసలు పుట్టనే లేదన్నట్టుంది.

డైరెక్టరు మెట్లు దిగొచ్చాడు. మంచివాడే, కాని గడియారం మనిషి. ముసలాయన ఫైలు సేవ్ చేయడం మరిచిపోయి ఉంటాడు, పాపం, మనమేం చేస్తాం, ఇంజనీరు సాయంత్రం విమానం పట్టుకోవాలి, చెరపడం మొదలుపెట్టండి అన్నాడు. చెరిపే డిస్కు ఒకటోది, ఆయన ఫైలు ఉండేది రెండో దాని మీద, దీనికీ దానికీ ఏమిటి సంబంధం అన్నాడు. న్యాయంగానే ఉంది. ఇంజనీరు కన్సోల్ ముందు, అంటే కంప్యూటర్‌కి ఆజ్ఞలిచ్చే కీబోర్డు ముందు కూర్చుని చెరిపే ఆజ్ఞ టైప్ చేసి కూడా ఉంచాడు. రిటర్న్ కొట్టడమే తరువాయి.

వదిన వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నిలబడి, ఆ వరుసని తనే చెరిపేసింది. "ఒక వస్తువు కనపడనప్పుడు ఇల్లు ఊడవకూడదు," అంది డైరెక్టరుతో. ఇంగ్లీషులోనే అంది. ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు చెప్పుకొచ్చింది, తెనాలిలో వాళ్ళమ్మగారి సంగతి. చెవి దుద్దు శీల, అదే చెవి వెనక బిగించే మినపగింజంత మర, ఎప్పుడైనా జారి పడిపోతే, ఆవిడ ముందు చీపురు తీసి తలుపు వెనక నిలబెట్టేదట. శీల ఈ గదిలో పడలేదు, ఆ గదిలో పడింది అని ఎవరెంత ఒట్టు పెట్టినా సరే, ఏ గదీ ఊడవడానికి లేదు. అందరూ నేల మీద మోకాళ్ళ మీద పాకాల్సిందే. అంతకుముందు ఊడ్చిన చెత్త ఉంటే చేటలో పోసి చెరగాల్సిందే. "పడ్డ చోటు మనం అనుకున్న చోటు కాదు కాబట్టే కదా అది కనపడటం లేదు," అనేదట వాళ్ళమ్మ.

డైరెక్టరు, ఇది ఇల్లు కాదు అన్నాడు.

"మీరు ఎప్పుడైనా ఊడిచారా దీన్ని? నేను ఊడుస్తాను. నాకు ఇల్లే," అంది వదిన.

ఇంజనీరు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. డైరెక్టరు, మధ్యాహ్నం భోజనం వేళ దాకా గడువు అని చెప్పి పైకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత జరిగేదానికి బాధ్యత నీది అని కూడా అన్నాడు. ఆ మాటకి వదిన చేతికున్న రింగుల్ని తిప్పడం మొదలుపెట్టింది. కంగారు పుడితే ఆవిడ అలా చేసేదని నాకొక్కడికే తెలుసు.

షెడ్డుకి ఫోను చేసింది. ఫైలు గురించి అడగలేదు. ఆ నంబర్లు ఎక్కించిన రోజుల్లో బయట ఎలా ఉండేదో చెప్పమంది. ఆయనకి తేదీలు గుర్తు లేవు. కాని మంచు గుర్తుంది. షెడ్డు తలుపు తెరుచుకోక పారతో తవ్వుకుని లోపలికి వెళ్ళానని, పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి కాఫీ కూడా లేదని చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు. అప్పుడు నా చోటంతా శుభ్రంగా ఖాళీగా ఉంది, నా పాత ఫైళ్ళు మీరే ఎక్కడో సర్ది, కొత్త పనికి చోటు చేశారనుకుని సంతోషించాను అని.

వదిన ఫోను పెట్టలేదు. రిసీవరు పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది, అంతే. నా వైపు చూసి, "మరిదిగారూ, ఆ మంచు రోజుల్లో మన రెండో డిస్కు ఎక్కడుంది?" అంది.

రిపేరుకి పోయింది. ఆ సంగతి నాకు బాగా గుర్తు, మోసింది నేనే కాబట్టి.

"డిస్కు ఇక్కడ లేనప్పుడు ఆయన దేని మీద రాశాడు?"

నాకేం తెలుస్తుంది. అప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్న ఇన్నేళ్ళయినా మరవలేదు. "మీ సినిమా హాల్లో తెర వెనక ఏముండేది?"

విరిగిన కుర్చీలు, సోడా బుడ్ల పెట్టెలు, పాత పోస్టర్లు ఉండేవన్నాను.

"బొమ్మ ఆడుతున్నంతసేపూ అవి ఎవరికైనా కనపడేవా?"

యూనిక్స్‌లో డిస్కుని మౌంట్ చేయడం అంటే అదేనట. కంప్యూటర్లో ఉన్న ఒక ఖాళీ గదిని చూపించి, ఇకనుంచి ఈ డిస్కు ఆ గదిలో ఉన్నట్టు అని చెప్పడం. డిస్కు రిపేరుకి పోతే గది అలాగే ఉంటుంది, కాని అది ఒకటో డిస్కు మీది ఖాళీ గది. డాక్టరుగారు షెడ్డులో కూర్చుని, తెలియక, ఆ ఖాళీ గదిలో తన ఫైలు పెట్టుకున్నారు. రెండో డిస్కు తిరిగొచ్చాక మేం దాన్ని అదే గది మీద మౌంట్ చేశాం. కొత్త తెర దిగింది, కింద ఉన్నది మరుగుపడింది. చెరిగిపోలేదు. కనపడదు, అంతే. బ్యాకప్పులకీ అందదు, ఎందుకంటే మేం బ్యాకప్ తీసేది తెరకి.

ఇంజనీరు మెల్లగా కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఫైలు ఉన్నది, ఉంటే గింటే, ఆయన ఇంకాసేపట్లో చెరపబోయిన డిస్కు మీద.

"తప్పు నాది," అంది వదిన, ఇంజనీరుకీ నాకూ ఇద్దరికీ వినపడేలా. డిస్కు లేదని కంప్యూటర్ గది తలుపుకి కాగితం అంటించాను, షెడ్డుకి చెప్పలేదు, ఖాళీ గదికి తాళం వేయలేదు అంది. అంతే. ఆ మాట మీద ఇంకో క్షణం కూడా ఖర్చుపెట్టలేదు. కూర్చుని, రెండో డిస్కుని ఆ గది మీంచి దించమని ఆజ్ఞ కొట్టింది.

డివైస్ బిజీ అంది యంత్రం.

మళ్ళీ కొట్టింది. డివైస్ బిజీ. ఆ గదిలో ఎవరో కూర్చుని ఉంటే యంత్రం దాన్ని దించదు. ఎవరు లోపల ఉన్నారో జాబితా తీస్తే నా పేరు కూడా ఉంది. "ముందు మీరు బయటికి తగలడండి," అంది. తగలడ్డాను. పై అంతస్తులో ఇద్దరికి పక్క బల్ల మీది ఫోనులోంచి చెప్పి బయటికి పంపింది. ఇంకా బిజీయే. ఒక్క పేరు మిగిలింది. షెడ్డులో టెర్మినల్.

అక్కడ కూర్చున్న మనిషికీ కంప్యూటర్‌కీ ఉన్న లంకెని ఇక్కడినుంచే తెంపేయొచ్చు. ఒక చిన్న ఆజ్ఞ. ఇంజనీరు అదే చెప్పాడు. వదిన తల అడ్డంగా ఊపి రిసీవరు మళ్ళీ చెవికి పెట్టుకుంది. "డాక్టర్, మీరు లోపల ఏం చేస్తున్నారు?"

ఆయన చెప్పింది విన్నాక ఆవిడ కళ్ళు మూసుకుంది. పొద్దుట్నుంచీ ఆయన గుర్తున్నంతవరకూ నంబర్లు మళ్ళీ టైప్ చేస్తున్నారు. కవరు కవరు పట్టుకుని, గింజ రంగు చూసి, ఇది ఎవరి బిడ్డ అయి ఉంటుందా అని. తెంపేస్తే ఆ కాస్తా పోతుంది. అందుకే ఆయన అక్కడినుంచి కదలటం లేదు.

వదిన ఒక్కొక్క అక్షరమే చెప్పి, ఆయన టైప్ చేసినదాన్ని తన పేరుతో ఉన్న వేరే చోట దాచిపెట్టించింది. అది చేరిందో లేదో నాచేత చూపించి రూఢి చేసుకుంది. తర్వాత, ఇప్పుడు మీరు బయటికి రావాలి అంది.

ఆ రిసీవరులో గొంతు నాకూ వినపడింది. నేను బయటికొస్తే అది అక్కడ ఉంటుందా అని అడిగారు.

"తెలీదు," అంది వదిన. "కాని మీరు అందులో కూర్చుని ఉన్నంతసేపూ నేను కింద చూడలేను."

ఉంటుందని చెప్పొచ్చు. నేనైతే చెప్పేసేవాణ్ణి, నాకు సినిమా అలవాటు. ఆవిడ చెప్పలేదు. ఎంతసేపైందో. ఆవిడ ఆ జాబితానే మళ్ళీ మళ్ళీ తీసి చూస్తోంది. అప్పుడు జాబితాలోంచి ఆ పేరు మాయమైంది.

ఈసారి దించమంటే యంత్రం ఏమీ అనలేదు. యూనిక్స్‌లో ఏమీ అనకపోవడమే శుభవార్త. వదిన ఆ గదిలో ఏముందో చూపించమంది. తెర మీద ఒక్క వరుస వచ్చింది. ఒకే ఫైలు, డాక్టరుగారు పెట్టిన పేరుతో.

నేను అరవబోయాను. ఆవిడ తిరిగి చూడకుండానే మోచేతి నుంచి ఒక రింగు తీసి నాకిచ్చింది. "ముందు టేపు, తర్వాత సంతోషం."

కొత్త టేపు ఎక్కించాను. జిమ్‌లో తెగిన రీలుని అవలీలగా ఎక్కించినవాణ్ణి, ఆ రోజు టేపు కొస పట్టించడానికి రెండుసార్లు పట్టింది. రీలు తిరగడం మొదలుపెట్టగానే కన్సోల్ మీద ఒక వరుస పడింది, డిస్కు చదవడంలో తప్పు అని. ముసలి డిస్కు, అందుకే కదా మార్చేది. వదిన వేలు పెట్టి ఆ వరుసని పదం పదం చదివింది. తప్పు వచ్చింది, యంత్రం తనే దిద్దుకుంది అని అర్థమట. రీలు సాగింది. ఆగింది. రింగు తీయించింది. అదే టేపుని మళ్ళీ చదివించి, వచ్చినదాన్నీ అసలుదాన్నీ పోల్చి చూసింది. అప్పుడు గానీ ఫోను దగ్గరికి వెళ్ళలేదు. ఆయనతో, మీ పిల్లలందరూ ఉన్నారు అంది. ఆయన ఏం జవాబిచ్చారో నేను వినలేదు. కాసేపటికి రిసీవరు నా చెవికి పెట్టింది. షెడ్డులో ప్రింటరు కరకరమని చీటీలు కొడుతున్న చప్పుడు.

మర్నాడు వాన మధ్యాహ్నం దాకా ఆగింది. ఇంటికెళ్తూ చూస్తే ఆ చేలో సాళ్ళ చివర తెల్ల చీటీలు తడుస్తూ నిలబడి ఉన్నాయి. వదిన కారు ఆపి కొంతసేపు చూసి, "చీటీలు వానకి అతుక్కుపోతాయేమో, ప్లాస్టిక్‌వి తెప్పించాలి," అంది. అదే ఆవిడ సంతోషం.

ఆ తర్వాత నుంచి ఆవిడ ప్రతి ఖాళీ గదిలో ఒక ఖాళీ ఫైలు పెట్టేది. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, మాట తెలుగు: ఎవరూలేరు. డిస్కు దాని మీద దిగితే అది మరుగుపడుతుంది. డిస్కు లేకపోతే బయటపడి, లోపలికి వచ్చినవాడిని హెచ్చరిస్తుంది. తెలుగు రానివాళ్ళు కూడా ఆ వింత మాట చూసి ఆగి ఫోను చేసేవాళ్ళు. మేమిద్దరం రిటైరయ్యాక చాలాకాలానికి అక్కడి కొత్త ఇంజనీరొకాయన నా నంబరు పట్టుకుని అడిగాడు, ప్రతి మెషీన్లో ఈ పేరుతో ఫైలు ఉంది, తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలటం లేదు, ఏమిటండీ ఇది అని. వదినకి చెబితే, "తీయొద్దని చెప్పండి," అని మళ్ళీ పప్పు తాలింపులో పడింది.

ఇక ఆఖరి సంగతి. వెళ్ళిపోవడానికి కొద్దిరోజుల ముందు, చెవులు బరువుగా ఉన్నాయని దుద్దులు తీయించుకుందట. తీస్తుంటే ఎడమ చెవి శీల జారి పడకగది కార్పెట్‌లో పడింది. కూతురితో, "దొరికేదాకా వాక్యూమ్ పెట్టకు," అని చెప్పి అటు తిరిగి పడుకుంది. ఆ పిల్ల వెతికింది, దొరకలేదు. ఆ తర్వాత ఎవరికీ వెతికే తీరిక లేకపోయింది.

ఇప్పుడు అంతా అయిపోయింది. వచ్చినవాళ్ళ చెప్పుల మట్టి, బిస్కెట్ల పొడి, మందుల చీటీ ముక్కలు కార్పెట్ నిండా ఉన్నాయి. నిన్న పక్కింటావిడ మంచి మనసుతో వాక్యూమ్ క్లీనర్ తీయబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పిల్లా, మా ఆవిడా ఇద్దరూ నేల మీద మోకాళ్ళ మీద ఉన్నారు, చేతిలో టార్చిలైటు, వేళ్ళతో ఒక్కొక్క కుచ్చూ విడదీస్తూ. "పిన్నీ, ఇక్కడ చూసేశాం," అంటోంది ఆ పిల్ల. "మళ్ళీ చూడు," అంటోంది మా ఆవిడ.

శీల ఇంకా దొరకలేదు. వాక్యూమ్ క్లీనర్ తలుపు వెనక నిలబడి ఉంది. దాని తీగ ఎనిమిది అంకెలా చుట్టి ఉంది, చివర్న చిన్న ముడితో.